పాస్‌పోర్టులలోని అంతరువులు: ఒక సంవాదము

రాజమహేంద్రవరము వాస్తవ్యులైన విశ్వనాథముగారు చిరకాలము పాస్‌పోర్టు కార్యాలయమున నుద్యోగము చేసి విశ్రాంతి నొందినవారు. వారి వియ్యంకులు నరహరిగారు జగిత్యాలలో న్యాయవాదులు. గల్ఫు దేశములకు బోయి చిక్కుపడిన వారి కుటుంబములు తొలుత తట్టు తలుపు వారిదే. ప్రభుత్వము పౌరునికిచ్చు ప్రయాణపత్రములు ఒక్క తీరుననే యుండవలెనా, తారతమ్యములు గలిగి యుండవలెనా యను విషయమున ఈ యిరువురకు నెన్నడును పొత్తు కుదరలేదు. పెండ్లిపందిళ్ళలోను, పండుగపూటలను వారు పలుమారులు సాగించిన వాదమును ఇచ్చట నొకచోట కూర్చుచున్నాను. నా మనస్సు నరహరిగారి పక్షమునకే మొగ్గుచున్నదని ముందే చెప్పుట న్యాయము. ఐనను విశ్వనాథముగారి యుక్తులలో నేను నేటికిని సమాధానము చెప్పుకొనలేనివి కొన్ని గలవు గనుక వానిని కుదించి వ్రాయలేదు.

నరహరి: బావగారూ, 1967వ సంవత్సరపు పాస్‌పోర్టుల చట్టము తన నాలుగవ సెక్షనులో పాస్‌పోర్టులను మూడు తెగలుగా విభజించినది. నీలి అట్టది మీకును నాకును. తెల్ల అట్టది ప్రభుత్వకార్యముపై విదేశమునకేగు ఉద్యోగికి. ముదురెఱుపు అట్టది రాయబారికి, మంత్రికి, పార్లమెంటు సభ్యునికి. చట్టము ముందు సర్వులును సమానులని పదునాలుగవ అధికరణమున వ్రాసికొన్న దేశము, సముద్రము దాటబోవు తన పౌరులను విమానాశ్రయపు కౌంటరు వద్దనే రంగులను బట్టి వేఱుచేయుట ఎట్లు సమర్థనీయము?

విశ్వనాథము: ఆ రంగు మనిషికి గాదు, అతడు చేయబోవు పనికి. తెల్ల పాస్‌పోర్టుతో ఏదో సదస్సునకు బోయివచ్చిన ఉద్యోగి పని ముగిసిన పిదప దానిని తిరిగి అప్పగింపవలసినదే. అదే ఉద్యోగి కూతురి పురిటికి అమెరికా పోవలసివచ్చినచో మనవలెనే నీలి పుస్తకము చేతబట్టి వీసా వరుసలో నిలువవలసినదే. ఇక ముదురెఱుపు పుస్తకమును గూర్చి లోకములో నొక భ్రమ గలదు: అది చేతనున్నవానిని పరదేశపు పోలీసు తాకరాదని. రాయబారికి రక్షణ నిచ్చునది 1961 నాటి వియన్నా ఒడంబడిక. ఫలానా వ్యక్తిని మా పక్షమున నియమించితిమని పంపిన రాజ్యము తెలుపగా, చేర్చుకొన్న రాజ్యము సమ్మతించుట వలన ఆ రక్షణ యేర్పడును గాని అట్ట రంగు వలన గాదు. ఏ నియమము వర్తించునో కౌంటరులోని ఉద్యోగి చూచినంతనే తెలిసికొనుటకు రంగు ఒక గుర్తు, అంతియే.

నరహరి: గుర్తు గుర్తుగానే నిలిచియుండినచో నాకు బాధ లేదు. 2024లో ఒక లోక్‌సభ సభ్యుడు తనపై ఘోరమైన ఆరోపణలు వెలువడుచుండగా ముదురెఱుపు పాస్‌పోర్టుతో జర్మనీకి వెళ్ళిపోయిన సంగతి మీరెఱుగుదురు. ఆ పుస్తకము గలవారికి వీసా అక్కఱలేదని రెండు ప్రభుత్వముల మధ్య నొప్పందము గలదు. నీలి పుస్తకమువాడైనచో వీసా కాగితములు సమకూర్చుకొను లోపలనే పట్టుబడియుండును గదా! పనికిచ్చిన గుర్తు పరారికి సాధనమైనది.

విశ్వనాథము: అది దుర్వినియోగము, దానికి మందు పదవ సెక్షనులో నున్నది. పాస్‌పోర్టును స్వాధీనము చేసికొనుటకును, రద్దు చేయుటకును అధికారము గలదు. ఆ అధికారమును వేళకు వినియోగింపకుండుట వినియోగింపవలసినవారి దోషము. పార్లమెంటు సభ్యులకు ఆ పుస్తకము ఎంతవఱకు అవసరమో పునరాలోచింపవచ్చునన్నచో, అందుకు నేను అడ్డుపడను.

నరహరి: ఐనచో పైమెట్టును గూర్చిన వాదమును విడిచిపెట్టుదము. నన్ను నిజముగా కలతపెట్టునది నీలి పుస్తకము లోపలనే దాగియున్న విభాగము. తుదిపుట తెఱచి చూడుడు: తండ్రి పేరు, తల్లి పేరు, భార్య పేరు, చిరునామా, పాత పుస్తకపు సంఖ్య. పదవ తరగతి గట్టెక్కని వాని పుస్తకమైనచో అచ్చటనే ఇంకొక ముక్క అదనముగా అచ్చుపడును. మా ప్రాంతమున చదువురాని ముసలివారికి గూడ దాని పేరు కంఠస్థము, ఈసీఆర్, అనగా వలస తనిఖీ అవసరమని. ఆ ముక్క గలవాడు సౌదీ, కువైటు, కతారు, మలేషియా మొదలైన పదునెనిమిది దేశములలో దేనికైనను పనికి బోవలెనన్నచో, వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందిన గాని విమానమెక్కరాదు. 2018 జనవరిలో ఇది చాలదన్నట్లు ఆ తుదిపుటను తొలగించి, ఈసీఆర్ వారి పుస్తకములకు నారింజరంగు అట్ట వేయింపవలెనని విదేశాంగశాఖ నిశ్చయించినది! పది చదువని వానిని, ఎదుటివారు పుస్తకము తెఱవకముందే, దూరమునుండియే గుర్తుపట్టవలెనన్నమాట. దేశమంతటను నిరసన చెలరేగి, కేరళ హైకోర్టులో వ్యాజ్యములు పడిన పిమ్మట ఆ నెల 30వ తేదీన ఆ యోచనను విరమించుకొనిరి. అట్ట మాఱలేదు, మంచిదే. ఆ అట్ట నూహించిన బుద్ధి మాత్రము తుదిపుటలో పదిలముగా నున్నది.

విశ్వనాథము: నారింజ అట్ట తప్పు, ఆ మాట నేను ఆనాడే చెప్పితిని. కాని ఆ బుద్ధి ఎచ్చట పుట్టినదో కొంత వెనుకకు బోయి చూడుడు. 1860లో మదరాసు రేవునుండి ‘ట్రూరో’ అను ఓడ కూలీలను నింపుకొని నేటాలునకు బోయినది. అందులో మన తెలుగువారును గలరు. అనంతరము దశాబ్దుల తరబడి మారిషసునకు, ఫిజీకి, మలయాకు మన జనము తరలిపోవుచునే యుండిరి. ఆ కూలీ చేతికిచ్చిన వలసపత్రమును మీరు చూచితిరా? పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఎత్తు, శరీరముపై పుట్టుమచ్చలు, గాయపు మచ్చలు. అన్నియు నందు గలవు. అతనికి రావలసిన కూలి యెంత, పని వేళ లెన్ని, అతడు చనిపోయినచో ఆలుబిడ్డలకు గతి యేమి అన్నవాటికి మాత్రము అందు తావు లేదు. పారిపోయినచో పట్టుకొనుటకు పనికివచ్చు పత్రమది, పోవువానికి అండగా నిలుచు పత్రము గాదు. కోరంగి రేవునుండి బర్మాకు బోయినవారికి ఆ మాత్రపు కాగితమును లేదు. 1937 వఱకు బర్మా బ్రిటిషు ఇండియాలోని భాగమే గనుక, మేస్త్రీ నోటిమాటయే వారికి పాస్‌పోర్టు. ఆ చేదు తిన్న జాతి, 1922లోను, మరల 1983లోను వలసల చట్టములు చేసి, చదువురాని వానిని ఏజెంటు చేతికి నేరుగా అప్పగింపబోమని నిశ్చయించుకొన్నది. ఈసీఆర్ అను ముక్కకు తాత ఆ నిశ్చయము. ఆ ముక్క వలన ఒప్పందపత్రమును ఒక అధికారి చదువును. పది లక్షల రూపాయల ప్రవాసీ బీమా తప్పనిసరి యగును. ముప్పది యేండ్లు నిండని యాడుది ఇంటిపనికి పోరాదను నిబంధన అమలగును. వీనిలో దేనిని తీసివేయుదము? చెప్పుడు.

ఈ ప్రశ్నకు నరహరిగారు వెంటనే బదులు చెప్పలేదు. ఆయన యొద్దకు వచ్చు కుటుంబములలో ఆ బీమా సొమ్ముతో ఋణము తీర్చుకొన్నవారు గూడ నున్నారు. ఆ సంగతి ఆయనయే నాతో చెప్పియుండెను.

నరహరి: దేనిని తీసివేయవలదు. మనిషి నెత్తినుండి దించి పని నెత్తిన పెట్టుమనుచున్నాను. పది ప్యాసైన తాపీమేస్త్రి, పది తప్పిన తాపీమేస్త్రి ఒకే ఎడారిలో, ఒకే క్యాంపులో, ఒకే కఫీలు (పనికి పిలిపించిన యజమాని) క్రింద ఇటుకలు పేర్చుచున్నారనుకొనుడు. రెండవవాని ఒప్పందమును చదువుటకు ఒక అధికారి గలడు, అతనికి బీమా గలదు. మొదటివాడు ఎప్పుడో మార్కుల పత్రము సంపాదించిన పాపమునకు ఏ అండయు లేనివాడు. పదవ తరగతి లెక్కలు, సాంఘికశాస్త్రము ప్యాసగుట అరబ్బీలో వ్రాసిన ఒప్పందమును చదువుకొను శక్తి ఎట్లగును? ఆపద పనిలో నున్నది, దేశములో నున్నది. మార్కుల పత్రములో లేదు. ప్రభుత్వమునకు గూడ ఈ సత్యము తెలియకపోలేదు. 2015లో నర్సులు, చదువుకొన్నవారు, ఈసీఆర్ ముద్ర లేనివారు, ఏజెంట్ల చేతిలో లక్షలు పోగొట్టుకొనుచుండగా, ఆ పదునెనిమిది దేశములకు బోవు నర్సులందఱును అనుమతి పొందవలెనని, నియామకములు ప్రభుత్వసంస్థల ద్వారా జరుగవలెనని ఉత్తర్వు చేసినది. అప్పుడు చూచినది పనినే గదా! నర్సుకు చేసినది మేస్త్రికి చేయరాదా?

విశ్వనాథము: నర్సుల సంఖ్య వేఱు, కూలీల సంఖ్య వేఱు. నర్సు వెళ్ళునది పేరున్న ఆసుపత్రికి, నిజానిజములు విచారింపవచ్చును. కూలీ పోవునది ఎచ్చటికో ఏజెంటునకే సరిగా తెలియదు. మీరు పనిని చూడుమందురు. కౌంటరు వద్ద నున్నవానికి పని కనబడదు, వీసా కనబడును. ఆ వీసాయో, అబద్ధమాడును. విజిట్ వీసాపై దుబాయి చేరి, అచ్చటినుండి వేఱొక దేశమునకు మఱలి, పనిలో దిగువారు ఎందఱు లేరు? కడపజిల్లానుండి, గోదావరి లంకలనుండి కువైటు ఇండ్లలో ఖద్దామాలుగా (ఇంటిపనివారుగా) చేరు ఆడువారిలో ఈ దారిన బోయినవారెందఱో మీరే నాతో చెప్పితిరి. పరిపాలన చేయువానికి అబద్ధమాడని గుర్తు ఒకటి కావలెను.

నరహరి: ఆ గుర్తు గలవారే విజిట్ వీసాపై పోవుచున్నారు గదా, బావగారూ! గుర్తు ఆపలేదు, దొంగదారిని చూపినది. తిన్నగా పోవలెనన్నచో అనుమతి, ఆలస్యము, ఖర్చు; వంకరగా పోవలెనన్నచో ఏజెంటునకు మఱికొంత ముట్టజెప్పిన చాలును. వంకరదారిన పోయినవానికి ఒప్పందము లేదు, బీమా లేదు.

ఇంకొక మాట. పాస్‌పోర్టు సర్కారువారి ప్రసాదమని, ఇచ్చిన పుచ్చుకొనవలె, ఈయకున్న నోరుమూసికొనవలెనని తలచిన దినములు మన దేశముననే యుండెను. 1920 నాటి చట్టము దేశములోనికి వచ్చువాని చేత పాస్‌పోర్టు ఉండవలెనన్నదే గాని, వెడలువానికి దానిని ఎవరికి ఈయవలెనో, ఎవరికి నిరాకరింపవచ్చునో ఎచ్చటను చెప్పలేదు. అంతయు అధికారి చిత్తము. దానిని మార్చినవాడు మీ రాజమహేంద్రవరము వాడే, కోకా సుబ్బారావుగారు. 1967 ఏప్రిల్ 10వ తేదీన, ప్రధాన న్యాయమూర్తి పదవిని వీడుటకు ఒకనాటి ముందు, సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యములో ఆయన తీర్పు చెప్పెను: విదేశమునకేగు హక్కు ఇరువదియొకటవ అధికరణములోని వ్యక్తిస్వాతంత్ర్యమున నొక భాగమని, శాసనము లేక అధికారి ఇష్టానుసారముగా దానిని హరింపరాదని. ఆ తీర్పు పడుటతోడనే ప్రభుత్వము ఉలికిపడి, మే నెలలో ఆర్డినెన్సును, జూన్‌లో నేటి చట్టమును తెచ్చెను. పదేండ్ల తరువాత మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రజాప్రయోజనార్థమని స్వాధీనము చేసికొని, కారణము తెలుపుటకు నిరాకరించినప్పుడు, 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ఆ హక్కునకు ఇంకను లోతైన పునాది వేసెను: చట్టము నిర్దేశించిన పద్ధతి యనిన చాలదు, ఆ పద్ధతి న్యాయమైనదై యుండవలెను. హక్కు పొందినవాని పుస్తకముపై వాని చదువు తక్కువయని అచ్చువేయుట న్యాయమైన పద్ధతియా?

విశ్వనాథము: సుబ్బారావుగారి పేరు చెప్పి నన్ను మెత్తపఱచవలెనని చూచుచున్నారు. ఆ తీర్పు అయిదుగురిలో ముగ్గురిదని, హిదయతుల్లా, బచావత్ గారలు అంగీకరింపలేదని గూడ చెప్పుడు. పాస్‌పోర్టు రాజ్యము తన పేరిట పరరాజ్యములకు వ్రాయు పత్రము. అది పౌరుని సొత్తు గాదు. మొదటిపుటలో రాష్ట్రపతి పేరిట సర్వులను ఉద్దేశించి, ఈ పుస్తకము గలవానిని ఆటంకము లేక పోనీయుడని, అవసరమైన సాయమును రక్షణను ఒసగుడని కోరిక గలదు. ఎవరి పక్షమున పూచీ పడవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ కోరువానికి లేకపోవునా? సుబ్బారావుగారి తీర్పు శాసనము లేని స్వేచ్ఛాధికారమును ఖండించినది గాని, తెగలను ఖండింపలేదు. తరువాత వచ్చిన చట్టమే మూడు తెగలను చేసినది.

అంతకన్న ముఖ్యమైనది వేఱొకటి గలదు. తారతమ్యమనగానే మీకు అవమానము తోచును; నాకు కరుణ గూడ తోచును. ఒక్కటే పాస్‌పోర్టు, అదియు పౌరునికే యన్న నియమము నిలిచినచో, ఏ రాజ్యమునకును పౌరుడు గాని వాని గతి యేమి? మొదటి మహాయుద్ధానంతరము రష్యానుండి లక్షల జనము చెల్లాచెదురయ్యెను. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము ఒక్క శాసనముతో వారి పౌరసత్వమును తుడిచివేసెను. ఉండనీయరు, పోనీయరు, ఏ సరిహద్దు వద్దనైనను నీవెవరివనిన ప్రశ్నయే. అప్పుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ అను నార్వేవాడు, యౌవనమున గ్రీన్లాండు మంచును స్కీలపై దాటినవాడు, నానాజాతిసమితి పక్షమున శరణార్థుల బాధ్యతను వహించియుండెను. 1922 జూలైలో జెనీవాలో ప్రభుత్వముల నొప్పించి ఆయన ఒక పత్రమును పుట్టించెను. పౌరసత్వ మీయని, తొలుత ఇచ్చిన దేశమునకు తిరిగివచ్చు హక్కును గూడ ఈయని కాగితము! ఐనను ఆ కాగితముతో స్ట్రావిన్‌స్కీ, రఖ్మానినోవ్ వంటి సంగీతవిద్వాంసులు, షగాల్ వంటి చిత్రకారుడు మొదలుకొని పేరులేని వడ్రంగుల వఱకు ఎందఱో సరిహద్దులను దాటిరి. తరువాత ఆర్మేనియనులకును అది లభించెను. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలోని ప్రయాణపత్రమునకు అదియే మాతృక. మన దేశము ఆ ఒడంబడికపై సంతకము చేయలేదు. ఐనను 1959లో హిమాలయములు దాటి వచ్చిన టిబెట్టువారికి పసుపు అట్టతో గుర్తింపుపత్రమును ఇచ్చుచునే యున్నాము. అది మన నాలుగవ సెక్షనులోని రెండవ తరగతి, పాస్‌పోర్టు గాని ప్రయాణపత్రము. తెగలే వలదన్నచో ఆ పసుపు పుస్తకమును ఎచ్చట పెట్టుదురు?

నరహరి: ఆ పసుపు పుస్తకమునకు నేను చేతులెత్తి నమస్కరింతును. లేనివానికి ఇచ్చు తెగ వేఱు. ఉన్నవాని వద్ద కొంత కోసికొను తెగ వేఱు. నాన్సెన్ పత్రము మొదటిది, ఈసీఆర్ రెండవది. ఐనను పసుపు పుస్తకమునకే జనమును అంటగట్టి వదలివేయు ప్రమాదమును గలదు. 1950 జనవరి 26 మొదలు 1987 జూలై 1 లోపల ఈ నేలపై పుట్టినవారు జన్మచేతనే పౌరులని చట్టమున నుండగా, అట్లు పుట్టిన టిబెట్టువారికి నీలి పాస్‌పోర్టు ఈయక త్రిప్పిపంపిరి. 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పిన గాని కదలిక రాలేదు. కరుణతో చేసిన తెగ గూడ కాలక్రమమున కంచెగా మాఱును.

విశ్వనాథము: అది అంగీకరింతును.

నరహరి: ఇక నా ప్రాంతపు పత్రమును గూర్చి చెప్పనిండు. మా ఊళ్ళలో దానిని ఔట్‌పాస్ అందురు. మీ చట్టములో ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఒక ఫొటో, పేరు, ఊరు, ఒకే ప్రయాణము, అదియు ఇంటివైపునకే. ఆ ప్రయాణముతో దాని ఆయువు తీరును. 2018లో కువైటు, ఎమిరేట్సు ప్రభుత్వములు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఈ కాగితము కొఱకు మన రాయబార కార్యాలయముల ముందు వరుసలు కట్టినవారిలో మావారెందఱో! వారందఱును పాస్‌పోర్టు పోగొట్టుకొన్నవారా? కాదు. కఫీలు బీరువాలో అది భద్రముగా నున్నది. మా మండలపు మనిషి యొకడు, పని దొరకక, జీతము రాక, అఖామా (నివాసానుమతి) గడువు దాటి, ఖల్లివల్లియై (అనుమతి లేనివాడై) తిరుగుచుండగా, తన పుస్తకమున్న గది తలుపు తనకు తెలిసియుండియు దాని ముందు నిలిచి అడుగలేక, ఔట్‌పాస్ పట్టుకొని యింటికి వచ్చెను. ఆ పుస్తకము కేంద్రప్రభుత్వపు సొత్తని మీ పదునేడవ సెక్షను ఘోషించుచున్నది గదా! మన పోలీసులు గూడ పాస్‌పోర్టును పట్టుకొనవచ్చునే గాని, దానిని అట్టిపెట్టుకొను అధికారము పాస్‌పోర్టు అధికారిది తప్ప మఱెవ్వరిదియు గాదని 2008లో సుప్రీంకోర్టు చెప్పెను. అట్టి సొత్తును పరదేశపు వ్యాపారి యొకడు, తన దేశపు చట్టము గూడ నిషేధించుచుండగా, బీరువాలో పెట్టి తాళము వేసికొనినచో, సొంతదారుడైన ప్రభుత్వము దానిని అడుగక, కూలీకి ఇంకొక కాగితము వ్రాసి యింటికి పంపుటయా?

విశ్వనాథము: ఔట్‌పాస్‌ను చిన్నచూపు చూడకుడు, దాని వెనుక నెంత పని గలదో నేను కౌంటరు వెనుకనుండి చూచితిని. చేత ఏ కాగితమును లేని మనిషి నేను భారతీయుడననును. రాయబార కార్యాలయము నమ్మవలెను. నమ్ముటకు ఆధారము కావలెను. తాను చెప్పిన ఊరునకు కబురు పోయి, పోలీసులు విచారించి, ఇతడు ఫలానా వాని కుమారుడేయని తేల్చిన గాని కాగితము వెలువడదు. ఇంటిపేరు ఒకటి, పుస్తకములో వ్రాయించినది వేఱొకటి. ఊరిపేరు ఇంగ్లీషులో ఎట్లు వ్రాసిరో ఎవరికిని తెలియదు. మీరు నిందించిన ఆ తుదిపుటయే, తండ్రి పేరు, చిరునామా గల ఆ పుటయే, అప్పుడు ప్రాణము పోయును. దాని నకలు ఇంట నున్నవానికి పని త్వరగా నగును. లేనివానికి నెలలు పట్టవచ్చును.

నరహరి: అందుకే విమానమెక్కు ప్రతివానికిని, పుస్తకము మొదటిపుట, తుదిపుట జిరాక్సు తీయించి ఇంటిలో ఇచ్చి పొమ్మని చెప్పుచున్నాను. కాని ఆ పుటలో మాకు ఉపకరించినది చిరునామా, ఈసీఆర్ ముక్క గాదు. 2018లో వారు తీసివేయదలచినది ఆ చిరునామాను, పైకెక్కింపదలచినది ఆ ముక్కను! నాకు కావలసినవి రెండు. ఈసీఆర్ అను మాటను మనిషి పుస్తకమునుండి కొట్టివేసి, ఆపదగల పనులకును, ఆపదగల దేశములకును బోవు సర్వులకును, చదువుతో నిమిత్తము లేక, ఒప్పందపు తనిఖీని, బీమాను తప్పనిసరి చేయుట ఒకటి. కఫీలు బీరువాలోని పుస్తకమును తన సొత్తుగా రాయబార కార్యాలయము లిఖితపూర్వకముగా అడుగుట రెండవది. ఈయనివానికి మరల మన కూలీలను పంపకుండుట.

విశ్వనాథము: రెండవదానికి నేను మీకన్న గట్టిగా గొంతెత్తుదును. ప్రవాసుల సంక్షేమనిధి 2009 నుండి గలదు. విమానపు టికెట్టునకు, ఔట్‌పాస్ రుసుమునకు దానినుండి సాయము చేయుచున్నారు. ఆ నిధి రాయబార కార్యాలయములలో మనవారు చెల్లించు రుసుములతోనే నిండుచున్నది గనుక, పుస్తకమును విడిపించుటకు వకీలును పెట్టుట గూడ దాని ధర్మమే. కాని మొదటిదానిని ఒప్పను. వచ్చుచున్న కొత్త కంచె సిద్ధము గాకుండ ఉన్న కంచెను పీకివేయుట వలసచరిత్ర తెలిసినవాడు చేయదగిన పని గాదు. కోరికలు ఉత్తర్వులగుటకు పట్టు కాలములో ఎందఱు పడిపోవుదురో నేను చూచితిని. మన కార్యాలయములు కఫీలు చేతినుండి పుస్తకమును తెప్పింపగలిగిన నాడు, ప్రతి పనికిని తనిఖీ యేర్పడిన నాడు, ఆ ముక్కను కొట్టివేయుడని వ్రాయు అర్జీపై తొలి సంతకము నేనే చేయుదును. అంతవఱకు అది ఉండవలసినదే.

నరహరి: అంతవఱకనిన మాట చదువని వాని విషయమున మాత్రమే మీరు తలచుచున్నారు. ఈ నెల జగిత్యాలనుండి కువైటునకు బోవు పది ప్యాసైన తాపీమేస్త్రి చేతిలో ముక్క లేని శుభ్రమైన నీలి పుస్తకము గలదు. వాని ఒప్పందమును ఎవరు చదివిరి, వానికి బీమా చేయింపుమని ఏజెంటును ఎవరు నిర్బంధింతురు? ఆ సంగతి చెప్పుడు, బావగారూ.